గ్రాముకు ఎన్ని గుడ్లు? పశువుల్లో నట్టల నిర్ధారణ, నిఘా

(సభకు రాలేకపోయినవారి కోసం ధ్వనిముద్రణ నుంచి రాసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. పశువైద్యులు, పశువైద్య సహాయకులు, మందలు పెంచేవారు, విద్యార్థులు ఒకే చోట కూర్చోవడం అరుదు. అందుచేత మీ అందరికీ పనికివచ్చే ఒక్క విషయాన్నే ఈ పూటకు ఎంచుకున్నాను. పశువు కడుపులో నట్టలు ఉన్నాయో లేవో, ఉంటే ఏవి ఉన్నాయో, అవి ఎంత హాని చేస్తున్నాయో తెలుసుకోవడం ఎలా, తెలుసుకున్న తరువాత వాటిని కనిపెట్టి ఉండడం ఎలా అన్నదే ఆ విషయం. మందుల పేర్లూ మోతాదులూ ఏకరువు పెట్టను. మందు ప్రస్తావన వచ్చేది ప్రధానంగా ఒక్క సందర్భంలోనే, అది పనిచేసిందో లేదో పరీక్షించవలసి వచ్చినప్పుడు.

ముందుగా ఒక ప్రశ్న అడుగుతాను. ప్రయోగశాల నుంచి నివేదిక వచ్చింది. గ్రాము పేడలో 500 గుడ్లు అని అందులో ఉంది. ఇది ఎక్కువా, తక్కువా? ముందు వరుసలో ఎక్కువే అంటున్నారు, వెనుక వరుసలో తల అడ్డంగా ఊపుతున్నారు. నేనైతే అది ఏ పశువు, దాని వయసెంత, ఆ గుడ్లు ఏ పురుగువి అన్నవి తెలిసేదాకా జవాబు చెప్పను.

ఎందుకు చెప్పను? గొర్రెల, మేకల నాలుగో పొట్టలో నెత్తురు పీల్చి బతికే హీమాంకస్ కంటోర్టస్ అనే పురుగును తీసుకోండి. దాని ఆడపురుగు ఒక్కటి రోజుకు 5,000 నుంచి 10,000 దాకా గుడ్లు పెడుతుంది. చిన్నపేగులో ఉండే ట్రైకోస్ట్రాంజిలస్ ఆడపురుగు పెట్టేవి రోజుకు వందల్లోనే. నెమటోడైరస్ అంతకంటే తక్కువ పెడుతుంది. అంటే 500 అనే అంకె హీమాంకస్‌దైతే పొట్టలో ఉన్నది కొద్దిపాటి పురుగులే కావచ్చు; ట్రైకోస్ట్రాంజిలస్‌దైతే వేలకు వేలు ఉండవచ్చు. ఇబ్బంది ఎక్కడంటే, హీమాంకస్ గుడ్డు, ట్రైకోస్ట్రాంజిలస్ గుడ్డు సూక్ష్మదర్శిని కింద దాదాపు ఒకేలా కనిపిస్తాయి. నివేదికలో రెండింటినీ కలిపి స్ట్రాంజైల్ గుడ్లు అని రాస్తారు. నెమటోడైరస్ గుడ్డు మాత్రం వాటికి రెండింతలు ఉంటుంది కాబట్టి దాన్ని వెంటనే గుర్తుపట్టవచ్చు.

పశువు వయసు సంగతి కూడా ఇంతే. లేత దూడలో గుడ్ల లెక్క పురుగుల భారాన్ని కొంతవరకు చూపుతుంది. ఎదిగిన ఆవులో రోగనిరోధక శక్తి పురుగులను గుడ్లు పెట్టనివ్వదు, కాబట్టి ఆ లెక్కకూ లోపలి పురుగుల సంఖ్యకూ పెద్దగా పొంతన ఉండదు. పైగా పారుడు పట్టిన పశువు పేడలో నీరు ఎక్కువ కనుక గ్రాముకు వచ్చే గుడ్లు తగ్గిపోతాయి. జబ్బు ముదిరిన పశువుకే తక్కువ అంకె రావడం కొత్తవారికి వింతగా తోస్తుంది కానీ, ఇందులో వింతేమీ లేదు. కాబట్టి గుడ్ల లెక్క అంటే పురుగుల లెక్క కాదు. గుడ్ల లెక్క చెప్పేది ఈ పశువు మేత నేలను ఎంత పాడు చేస్తున్నదో. పురుగుల సంఖ్య దాని నుంచి మనం చేసే ఊహ.

ఇప్పుడు ఆ అంకె ఎలా పుడుతుందో చూద్దాం, ఎందుకంటే అది తయారయ్యే తీరులోనే దాని బలహీనత కూడా ఉంది. గుడ్లు లెక్కపెట్టే మక్‌మాస్టర్ గాజు పలక మీలో చాలామందికి తెలుసు. ఆస్ట్రేలియాలోని సిడ్నీలో ఉన్న మక్‌మాస్టర్ ప్రయోగశాలలో గోర్డన్, విట్లాక్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు రూపొందించి 1939లో ప్రకటించిన పద్ధతి ఇది. 4 గ్రాముల పేడను 56 మిల్లీలీటర్ల ఉప్పు ద్రావణంలో కలిపితే మొత్తం 60 మిల్లీలీటర్లు అవుతుంది. వడగట్టి, బాగా కలియబెట్టి, పలకలోని రెండు గదులు నింపుతారు. ఒక్కో గదిలో గీతల కింద ఉండేది 0.15 మిల్లీలీటరు. ఉప్పు ద్రావణం సాంద్రత 1.20 దగ్గర ఉంటుంది కనుక దానికంటే తేలికైన గుడ్లు పైకి తేలి గాజుకు అంటుకుంటాయి. రెండు గదుల్లో కనిపించినవి లెక్కపెట్టి 50తో గుణిస్తే గ్రాముకు ఎన్ని గుడ్లో వస్తుంది.

ఆ 50 దగ్గర కాసేపు ఆగుదాం. మీ కంటికి ఒక్క గుడ్డు కనిపిస్తే కాగితం మీద 50 పడుతుంది, రెండు కనిపిస్తే 100 పడుతుంది, మధ్యలో ఏదీ పడదు. పేడలో నిజంగా గ్రాముకు 50 గుడ్లే ఉన్నాయనుకోండి. గీతల కిందికి సగటున ఒక్క గుడ్డు రావాలి. సగటున ఒకటి రావాలంటే ప్రతిసారీ ఒకటే వస్తుందనా? కాదు. లెక్క వేస్తే, సుమారు 37 శాతం సార్లు అసలు ఒక్కటీ రాదు. అంటే గుడ్లు ఉన్న పశువుకే మూడింట ఒక వంతుకు పైగా సార్లు సున్నా అని రాస్తాం. నిజమైన సంఖ్య 150 అయితే ఈ ప్రమాదం 5 శాతానికి తగ్గుతుంది. కాబట్టి నిన్న 100, ఈ రోజు 200 వచ్చాయి కనుక పురుగులు రెట్టింపయ్యాయని ఎవరైనా అంటే, రెండు గుడ్లు కనిపించిన చోట నాలుగు కనిపించాయి అంతే కదా అని అడగండి. చిన్న అంకెలు ముఖ్యమైనప్పుడు గ్రాముకు 5 గుడ్లదాకా పట్టుకోగల మినీ ఫ్లోటాక్ వంటి పరికరాలు వాడాలి, లేదా పలకలు ఎక్కువసార్లు నింపి చూడాలి.

నమూనా తీసే దగ్గర జరిగే పొరపాటును ప్రయోగశాల సరిదిద్దలేదు. పేడను పురీషనాళం నుంచే తీయండి, వీలుకాకపోతే ఇప్పుడే పడినదాన్ని నేలకు తగలని పై భాగం నుంచి తీయండి. సంచిలో గాలి లేకుండా నొక్కి మూతి కట్టండి. వెచ్చని చోట ఉంచితే స్ట్రాంజైల్ గుడ్లు ఒక రోజులోనే పిల్లలవుతాయి, పిల్లలైన గుడ్డును లెక్కపెట్టలేం. 4 డిగ్రీల దగ్గర చల్లగా ఉంచాలి. గడ్డకట్టించకూడదు, గడ్డకడితే గుడ్లు పాడవుతాయి. సంచి మీద పశువు గుర్తు, వయసు, చూడిదా పాలిచ్చేదా, చివరిసారి ఏ మందు ఎప్పుడు పట్టారు, ఈ నాలుగూ లేకపోతే దయచేసి పంపకండి. అవి లేని అంకెను నేను చదవలేను, మీరూ చదవలేరు.

ఇక ఎన్ని పశువుల నుంచి తీయాలి? ఒక్క దాని నుంచి తీసి మంద మొత్తానికి తీర్పు చెప్పడం కుదరదు. పురుగులు మందలో సమానంగా పంచుకొని ఉండవు. కొద్ది పశువుల్లోనే ఎక్కువ భాగం పోగుపడి ఉంటాయి. పది గొర్రెల్లో ఎనిమిదింటికి 100 చొప్పున, రెండింటికి 4,000 చొప్పున ఉన్నాయనుకోండి. సగటు 880. ఆ మందలో 880 ఉన్న గొర్రె ఒక్కటైనా ఉందా? లేదు. పది పశువుల పేడను సమభాగాలుగా కలిపి ఒకే నమూనాగా చూస్తే ఖర్చు తగ్గుతుంది, మంద ఎటు పోతున్నదో తెలుస్తుంది, కానీ ఆ రెండు గొర్రెలు ఏవో తెలియదు. మీకు కావలసినది ఏదో ముందు తేల్చుకుంటే కలపాలో వద్దో తేలుతుంది. మందను వయసుల వారీగా విడదీసి చూడడం మాత్రం తప్పదు. లేత పిల్లల పెంటికలను తల్లుల పెంటికలతో కలిపితే ఆ ఫలితం రెండింటికీ పనికిరాదు.

దీనికి టాక్సోకారా విటులోరం అనే ఏలికపాము మంచి ఉదాహరణ. గేదె దూడల్లో, ఆవు దూడల్లో ఇది ఎంత తీవ్రంగా ఉంటుందో మీరెరుగుదురు. దీని లార్వాలు, అంటే పిల్ల పురుగులు, తల్లి కండరాల్లో, కణజాలాల్లో దాగి ఉండి, ఈనిన తరువాత పాల ద్వారా దూడకు చేరతాయి. దూడకు మూడు వారాలు వచ్చేసరికి దాని పేడలో మందపాటి, గుంటలు గుంటలుగా ఉన్న పెంకుతో గుడ్లు కనిపిస్తాయి. తల్లి పేడ చూస్తే శుభ్రంగా ఉంటుంది. తల్లిని పరీక్షించి బాగుందని దూడను వదిలేస్తే ఏమవుతుంది? నాలుగైదు నెలలు దాటాక దూడను పరీక్షించినా లాభం లేదు, అప్పటికి చాలా పురుగులు వాటంతటవే పడిపోయి ఉంటాయి, దూడ ఎదుగుదల మాత్రం ఆగిపోయి ఉంటుంది.

ఉప్పు ద్రావణంలో తేలని గుడ్లు కూడా ఉన్నాయి. కార్జపు జలగ గుడ్డు బరువైనది, అది అడుగునే ఉండిపోతుంది. తేలే పరీక్ష చేసి జలగలు లేవని రాసిన నివేదికను నమ్మకండి, అది చూడని దాన్ని లేదని చెప్పడం. దీనికి పేడను ఎక్కువ నీటిలో కలిపి, జల్లెడ పట్టి, కొన్ని నిమిషాలు నిలవనిచ్చి, పై నీరు వంపి, నీరు తేటపడేదాకా అలాగే చేసి, చివరి మడ్డిలో ఒక చుక్క మిథిలీన్ బ్లూ వేసి చూడాలి. నీలి రంగు నేపథ్యంలో కార్జపు జలగ గుడ్డు బంగారు పసుపులో మెరుస్తుంది, పొట్ట జలగ గుడ్డు రంగు లేకుండా తెల్లగా కనిపిస్తుంది. ఈ రెండింటి తేడా తెలియాలి, ఎందుకంటే పొట్ట జలగ గుడ్లు కనిపించినంత మాత్రాన కార్జానికి ముప్పు ఉన్నట్లు కాదు.

ఊపిరితిత్తుల పురుగు విషయంలో పేడలో కనిపించేవి లార్వాలు. తాజా పేడను పలుచని గుడ్డలో కట్టి గరాటులోని గోరువెచ్చని నీటిలో రాత్రంతా వేలాడదీస్తే లార్వాలు నీటిలోకి వచ్చి, ఎదురీదలేక గరాటు అడుగుకు దిగుతాయి. ఇది బేర్మన్ పద్ధతి. నేల మీది పేడ దీనికి పనికిరాదు, మట్టిలో స్వేచ్ఛగా బతికే పురుగులు అందులో దూరి లెక్కను చెడగొడతాయి. బద్దె పురుగుల గురించి ఎక్కువ చెప్పను. వాటి తునకలు బియ్యపు గింజల్లా పెంటికల మీద కంటికే కనిపిస్తాయి, గుడ్ల లెక్కకు అక్కడ అర్థం లేదు.

ఇంతవరకు పేడలో కనిపించే వాటి గురించి చెప్పాను. ప్రాణాలు తీసేవి మాత్రం చాలాసార్లు పేడలో కనిపించనివే. గొర్రె మేతతో పాటు మింగిన కార్జపు జలగ పిల్లలు ఆరు నుంచి ఎనిమిది వారాలు కార్జాన్ని తొలుచుకుంటూ తిరిగి, పిత్తనాళాలకు చేరి, పదీ పన్నెండు వారాలకు గాని గుడ్లు పెట్టవు. ఒకేసారి ఎక్కువగా మింగిన గొర్రె ఆ లోపలే చచ్చిపోతుంది. దాని పేడలో గుడ్లు సున్నా. హీమాంకస్‌కు కూడా గుడ్లు పెట్టడానికి మూడు వారాలు పడుతుంది, అంతకుముందే అది నెత్తురు పీలుస్తుంది. ఆవుల్లో ఆస్టర్‌టేజియా అనే పురుగు లార్వాలు ప్రతికూల కాలంలో నాలుగో పొట్ట పొరల్లోనే ఎదుగుదల ఆపుకొని నెలల తరబడి పడుకొని, కాలం మారగానే ఒక్కసారిగా బయటికి వచ్చి పొట్ట గోడను చీల్చేస్తాయి. గుర్రాల పెద్దపేగు గోడలో చిన్న స్ట్రాంజైల్ లార్వాలు చేసేదీ ఇదే. ఇలాంటప్పుడు పేడ పరీక్షను పట్టుకొని కూర్చుంటే ఏం లాభం?

అందుకే పశువును చూడాలి, రక్తాన్ని చూడాలి, కాలాన్ని చూడాలి. జలగలకైతే పేడలో గుడ్లకు బదులు జలగ విడిచే ప్రోటీన్లను పట్టుకునే ఎలైసా పరీక్ష గుడ్లు రావడానికి కొన్ని వారాల ముందే జాడ చెబుతుంది. కార్జం తొలుచుకుపోతున్న దశలో రక్తంలో జీఎల్‌డీహెచ్ అనే ఎంజైము, పిత్తనాళాలు దెబ్బతిన్న దశలో జీజీటీ అనే ఎంజైము పెరుగుతాయి. పాడి మందల్లో, మంద పాలన్నీ కలిపే తొట్టిలోని పాలలో ప్రతిదేహాలను, అంటే పురుగుకు ఎదురుగా పశువు ఒంట్లో తయారయ్యే ప్రోటీన్లను చూసి జలగలతో, ఆస్టర్‌టేజియాతో మందకు ఎంత సంపర్కం ఉందో అంచనా వేయవచ్చు. ప్రతిదేహాల పరీక్షతో ఒక చిక్కుంది. పురుగు చచ్చాక కూడా అవి నెలల తరబడి రక్తంలో నిలిచి ఉంటాయి, కాబట్టి మందు పనిచేసిందా అనే ప్రశ్నకు అవి జవాబు చెప్పలేవు.

హీమాంకస్‌కు వస్తే, ఒక్కో పురుగు రోజుకు సుమారు 0.05 మిల్లీలీటరు నెత్తురు తీస్తుంది. 5,000 పురుగులుంటే రోజుకు 250 మిల్లీలీటర్లు. ముప్పై కిలోల గొర్రె ఒంట్లో ఉండే మొత్తం నెత్తురు రెండు లీటర్ల చుట్టుపక్కలే అని గుర్తుంచుకుంటే ఆ అంకె బరువు తెలుస్తుంది. ఇక్కడ పారుడు ఉండదు. పారుడు లేదు కనుక నట్టలు లేవనుకునేవారు ఇప్పటికీ ఉన్నారు. దవడ కింద నీరు దిగుతుంది, నడిపిస్తే వెనకబడుతుంది, కనురెప్ప తిప్పితే లోపల పాలిపోయి ఉంటుంది.

ఆ రెప్ప రంగును క్రమపద్ధతిలో చూడడానికి దక్షిణాఫ్రికాలో రూపొందినదే ఫమాచా పట్టిక. నిండు ఎరుపుకు 1, కాగితపు తెలుపుకు 5. ఒకటో అంకెకు నెత్తురులో ఎర్రకణాల శాతం 28 లేదా ఆపైన, ఐదుకు 12 లేదా అంతకంటే తక్కువ. పగటి వెలుతురులో, పట్టికను పక్కన పెట్టుకొనే చూడాలి. చూసీ చూసీ అలవాటైందని పట్టిక పక్కన పెట్టేసినవారి అంకెలు మెల్లగా జారిపోతాయి. 4, 5 వచ్చినవాటికి మందు వేయాలి. 3 వచ్చినది లేత పిల్లో చూడి గొర్రో అయితే దానికీ వేయడం మేలు. తేమ, వెచ్చదనం కలిసిన కాలంలో వారం పది రోజులకు ఒకసారి చూడాలి. అయితే ఇది చెప్పేది నెత్తురు తగ్గిందని మాత్రమే. జలగలు, పిడుదులు, రక్తంలో ఉండే ఏకకణ జీవులు కూడా రెప్పను తెల్లబరుస్తాయి. నెత్తురు తాగని ట్రైకోస్ట్రాంజిలస్‌ను ఇది అసలు చూడలేదు.

ఇప్పుడు మందు పరీక్ష. ఈ భాగానికి ఎక్కువ సమయం తీసుకుంటాను. 1961లో థయాబెండజోల్ అనే నట్టల మందు వచ్చింది, 1964 నాటికే దానికి లొంగని గొర్రె పురుగుల గురించి శాస్త్రవేత్తలు రాశారు. తరువాత వచ్చిన మందులదీ అదే కథ. కాబట్టి మందు పట్టాం, పని అయిపోయింది అనుకునే హక్కు మనకు లేదు. మందుకు ముందు గుడ్లు లెక్కపెట్టి, తరువాత అవే పశువుల్లో మళ్లీ లెక్కపెట్టి, ఎంత శాతం తగ్గాయో చూడాలి. దీనికి ప్రపంచ పశు పరాన్నజీవి శాస్త్రవేత్తల సంఘం 1992లో మార్గదర్శకాలు ఇచ్చింది, 2023లో వాటిని సవరించింది. మొదటి మార్గదర్శకాల్లో గొర్రెలకు, మేకలకు తగ్గుదల 95 శాతం కంటే తక్కువగా, దాని విశ్వాస పరిధి (నిజమైన తగ్గుదల ఉండగల హద్దులు) దిగువ అంచు 90 కంటే తక్కువగా ఉంటే పురుగులు మందుకు లొంగడం లేదని తేల్చేవారు. సవరించిన వాటిలో అవే పశువులను ముందూ వెనుకా చూడమన్నారు, సగటు అంకె కంటే సూక్ష్మదర్శిని కింద నిజంగా కంటపడిన గుడ్లు ఎన్ని అన్నదానికి ప్రాధాన్యం ఇచ్చారు. ఎందుకో మీకు ఇప్పటికే తెలిసి ఉండాలి. ముందు రెండు గుడ్లు, తరువాత సున్నా కనిపిస్తే అది వంద శాతం తగ్గుదలా? కాగితం మీద వంద శాతమే. నిజానికి అది ఏమీ చెప్పడం లేదు.

రెండో నమూనా ఎప్పుడు తీయాలన్నది మందును బట్టి ఉంటుంది. లెవమిసోల్‌కు వారం చాలు, బెంజిమిడజోల్ మందులకు పది నుంచి పద్నాలుగు రోజులు, ఐవర్‌మెక్టిన్ వర్గానికి పద్నాలుగు నుంచి పదిహేడు రోజులు. తొందరపడితే బతికి ఉన్న పురుగులు తాత్కాలికంగా గుడ్లు ఆపి మనల్ని మోసం చేస్తాయి. ఆలస్యం చేస్తే కొత్తగా మేసినప్పుడు వచ్చిన పురుగుల గుడ్లు కలిసిపోతాయి. కార్జపు జలగకైతే ఇంకో జాగ్రత్త ఉంది. జలగలు చచ్చినా పిత్తాశయంలో నిలిచిన గుడ్లు కొన్ని వారాలు పేడలో వస్తూనే ఉంటాయి.

ఇప్పుడు ఈ లెక్క చూడండి. ముందు సగటు 800, తరువాత 40. తగ్గుదల 95 శాతం. బాగుందా? ముందు నమూనాను పెంపకం చేసి, అంటే పేడను వెచ్చగా, తేమగా వారం పది రోజులు ఉంచి గుడ్లను మూడో దశ లార్వాలుగా ఎదగనిచ్చి చూస్తే, నూటికి 95 హీమాంకస్, 5 ట్రైకోస్ట్రాంజిలస్ అని తేలింది. అంటే 760, 40. మందు తరువాత మిగిలిన 40 గుడ్లనూ పెంచితే అన్నీ ట్రైకోస్ట్రాంజిలసే. హీమాంకస్ పూర్తిగా పోయింది, ట్రైకోస్ట్రాంజిలస్‌లో ఒక్కటీ చావలేదు. మందు నూటికి నూరుపాళ్లు విఫలమైన పురుగు 95 శాతం అనే మంచి అంకె వెనుక దాక్కున్నది. పెంపకం చేయకుండా ఈ పరీక్ష పూర్తయిందని అనవద్దని నేను పట్టుబట్టేది ఇందుకే. పెంపకానికి వ్యవధి లేకపోతే, హీమాంకస్ గుడ్లకు మాత్రమే అంటుకుని వెలిగే వేరుశనగ లెక్టిన్ రంగు ఉంది, జన్యుపదార్థాన్ని బట్టి జాతిని గుర్తించే పీసీఆర్ పరీక్ష ఉంది, ఒకే నమూనాలో అన్ని జాతుల నిష్పత్తినీ చెప్పే జన్యుక్రమ విశ్లేషణ ఉంది. బెంజిమిడజోల్‌కు లొంగని పురుగులను బీటా ట్యూబులిన్ జన్యువులోని మార్పులతో ముందుగానే పసిగట్టవచ్చు; మిగతా మందులకు అంత సులువైన గుర్తులు ఇంకా చేతికి రాలేదు.

తగ్గుదల శాతం తక్కువ రాగానే నింద పురుగు మీద వేయకండి. పశువును తూచారా, బరువు కంటితో అంచనా వేశారా? మందు పట్టే గొట్టం సరిగ్గా కొలుస్తున్నదా? సీసా గడువు దాటిందా? మోతాదు తగ్గడం వల్ల వచ్చిన వైఫల్యం కూడా కాగితం మీద పురుగు మందుకు లొంగనట్లే కనిపిస్తుంది.

నిఘా విషయానికి వస్తే, మందకు ఒక ఏటి లెక్క ఉండాలి. వానలకు ముందు ఒకసారి, వానలు పడిన మూడు నాలుగు వారాలకు ఒకసారి, ఆపైన తేమ ఉన్నంత కాలం నాలుగు నుంచి ఆరు వారాలకు ఒకసారి పేడ చూడండి. ఈనే రోజులను ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోండి. ఈనడానికి కొంచెం ముందు నుంచి పాలిచ్చే తొలి వారాల దాకా తల్లి గొర్రెలో నిరోధక శక్తి సడలి గుడ్లు పెరుగుతాయి, సరిగ్గా పిల్లలు మేత మొదలుపెట్టే వేళకు నేల లార్వాలతో నిండుతుంది. ఆ పెరుగుదలను పట్టుకోవడానికి తల్లులను చూడాలి, దాని ఫలితం తెలియడానికి పిల్లలను చూడాలి. లెక్కలు చేతిలో ఉంటే మంద మొత్తానికి ఒకేసారి మందు పట్టవలసిన అవసరం తగ్గుతుంది. అవసరమైన వాటికే పట్టి, బాగున్నవాటిని వదిలితే, మందు తగలని పురుగులు నేల మీద మిగిలి లొంగనివాటిని పలుచన చేస్తాయి. అన్నింటికీ పట్టి, వెంటనే శుభ్రమైన కొత్త మేత నేలకు తోలడం మంచి అలవాటని చాలాకాలం చెప్పాం. అలా చేస్తే కొత్త నేల మీద పడే గుడ్లన్నీ మందును తట్టుకున్న పురుగులవే అవుతాయి.

చచ్చిన పశువును కోయకుండా పూడ్చవద్దు, ఒళ్లంతా ఉబ్బి, నోటి నుంచి నల్లని నెత్తురు కారుతున్న దొమ్మ అనుమానం ఉన్నదాన్ని తప్ప. దాన్ని మాత్రం కోయనే కూడదు. నాలుగో పొట్టను రెండు కొసలా కట్టి తీసి, కోసి, లోపలిదంతా బకెట్‌లోకి కడిగి, కొలిచి, పదో వంతు తీసి నల్లని పళ్లెంలో లెక్కపెట్టి పదితో గుణించండి. ఎర్రని, తెల్లని గీతలు మెలి తిరిగిన హీమాంకస్ ఆడపురుగు కంటికే తెలుస్తుంది. కార్జాన్ని పలుచని ముక్కలుగా కోసి నీటిలో పిండితే పేడలో దొరకని లేత జలగలు బయటపడతాయి. పొట్ట పొరల్లో పడుకున్న లార్వాలను చూడాలంటే ఆ గోడను పెప్సిన్ అనే జీర్ణ ఎంజైము, ఆమ్లం కలిపిన ద్రావణంలో కరిగించాలి.

బయటి నుంచి కొన్న పశువుల గురించి ఎవరో ఇందాక చీటీ పంపారు. వాటిని మందలో కలపకుండా విడిగా ఉంచి, వచ్చిన రోజే పేడ తీసి, వేర్వేరు వర్గాల మందులు రెండు పట్టి, పద్నాలుగో రోజున మళ్లీ పేడ తీయండి. రెండో లెక్క సున్నా వచ్చినవాటిని మీ మంద ఇదివరకే మేసిన నేల మీదికి వదలండి. సున్నా రాని పశువు ఇంకా విడిగానే ఉండాలి, దాని పేడను పెంపకానికి పంపాలి.